రెండో గడప

రోజు 5310

మేదిని మళ్ళీ వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల, దిగువపేట. పదహారు నెలల్లో ఇది మూడోసారి. పై ముందు పళ్ళలో ఎడమది సగానికి విరిగింది. విరిగిన ముక్కను బుగ్గలో దాచుకుని తెచ్చింది. అలా తెమ్మని పోయినసారి నేనే చెప్పాను. రెండు పేటల మధ్య తలుపులు పడి ఉండటంతో ఆరు గంటలు ఆ ముక్కను నోట్లోనే పెట్టుకుని కూర్చుందట.

"ఎలా పడ్డావమ్మా?"

"పరిగెడతంటే పడిపోనాను," అంది. పై పెదవి వాచిపోయి మాట సరిగా రావడం లేదు.

ముక్కను కడిగి, జిగురు పెట్టి, నీలి దీపం పట్టి అతికించాను. ఏడవలేదు. రెండు చేతులతో గాలి సీసాను గుండెకు హత్తుకునే పడుకుంది. చంద్రుడి మీది మా పేటల్లో చిన్నపిల్లలు ఇల్లు దాటితే ఆ సీసా చేతిలో ఉండాలన్నది నియమం.

తర్వాత పట్టిక నింపాను. మొదటి దెబ్బ తొమ్మిదేళ్ళలోపే తగిలిందా? అవును. ఎత్తుపళ్ళా? అవును, ఆరు మిల్లీమీటర్లు. పై పెదవి పళ్ళను కప్పదా? కప్పదు. దుడుకు పిల్లా? అవును. నాలుగుకు నాలుగు. కారణం అన్న గడిలో "పరిగెత్తడం" అని రాశాను.

పంపిన రెండు నిమిషాలకే పేటల సభ నుంచి ఉత్తర్వు వచ్చింది. మూడు దెబ్బలు, నాలుగు మార్కులు. పది రోజుల్లో మేదినిని మెత్తగదికి మార్చాలి. పన్నెండేళ్ళు నిండేదాకా.

ఆ పట్టిక తయారుచేసింది నేనే. ఒకసారి పన్ను విరిగిన పిల్లల్లో ఎవరికి మళ్ళీ విరుగుతుందో ముందే తెలిస్తే, వాళ్ళకు ముందుగా పళ్ళతొడుగు చేసి ఇవ్వొచ్చు అనుకున్నాను. తొడుగులు చేసే ముడిసరుకు తెచ్చే ఓడ రాలేదు. పట్టిక మాత్రం మిగిలింది.

రోజు 5311

మేదిని తల్లి సుభాషిణి వచ్చింది. దిగువపేటలో పాచి పెంచే తొట్ల దగ్గర పనిచేస్తుంది. చేతులు మోచేతుల దాకా ఆకుపచ్చగా ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

"నాలుగేళ్ళు గదిలో పెడతారట. అదేటి డాట్రమ్మా, జైలా?"

"జైలు కాదమ్మా. గోడలకు, నేలకు అంతా మెత్తలే. పడినా దెబ్బ తగలదు. అతికించే జిగురు ఇరవై తొమ్మిది గొట్టాలే మిగిలింది. నిరుడు కుందనకు ఏమైందో చూశావు కదా. విరిగిన పంటిలోంచి చీము దవడకు పాకి, ఇరవై రోజులు ప్రాణం మీదికి వచ్చింది."

"కుందన ఇప్పుడెక్కడుంది?"

"మెత్తగదిలో."

"బడికెళ్తాందా?"

మెత్తగది దిగువపేటలో ఉంది. బడి ఎగువపేటలో ఉంది.

సుభాషిణి పెదవి పైకెత్తి తన పళ్ళు చూపించింది. "మీ కాయితంలో ఎత్తుపళ్ళని రాసినారట. ఇవి మా అమ్మ పళ్ళు. నాకూ అవే వచ్చినాయి. నేనూ ఇక్కడే పెరిగినాను, ఇక్కడే గెంతినాను. నాకొక్కటీ ఇరగనేదు. దానికెందుకిరుగుతున్నాయో అది సెప్పండి ముందు."



రోజు 5312

మెత్తగదికి వెళ్ళాను. మేదినిని అక్కడికి పంపేముందు ఒకసారి చూడాలనిపించింది. ఉత్తర్వుల మీద సంతకాలు పెట్టడమే గానీ, పిల్లలు చేరాక ఒక్కసారైనా తొంగిచూడలేదు.

ఆరుగురు పిల్లలు. అందరూ దిగువపేట వాళ్ళే. గోడల మెత్తలు ఒకప్పుడు పసుపు రంగువి. ఇప్పుడు పిల్లల తలల ఎత్తున మాత్రం నల్లగా ఉన్నాయి. వాళ్ళు ఆడుకోవడం లేదు. గోడకు ఆనుకుని వరసగా కూర్చున్నారు. నేను లోపలికి అడుగుపెట్టగానే, ఎవరూ చెప్పకుండానే, ఆరుగురూ నోళ్ళు తెరిచారు.

కుందనకు తొమ్మిదేళ్ళు. ఈ గదికి వచ్చి తొమ్మిది నెలలు. దగ్గరికి వెళ్ళి గడ్డం పట్టుకుని నోరు మూశాను.

"పెద్దవయ్యాయా నా పళ్ళు?" అని అడిగింది. "పెద్దవయితే పంపిస్తారంట."

"ఇంకా కొంచెం సమయం పడుతుందమ్మా."

సరేనంది. వాదించలేదు, అలగలేదు. అదే నన్ను భయపెట్టింది.

రోజు 5313

పళ్ళ గది పాత పుస్తకాలన్నీ తీసి చదివాను. సుభాషిణి అడిగిన ప్రశ్న వదలడం లేదు.

ఈ పేటలు కట్టిన మొదటి పన్నెండున్నర ఏళ్ళలో పిల్లల పళ్ళు విరిగిన సంఘటనలు నలభై ఒకటి. వాటిలో రెండోసారి విరిగిన పిల్లలు ఇద్దరే. ఆ తర్వాతి రెండేళ్ళలో అరవై మూడు సంఘటనలు. మళ్ళీ మళ్ళీ విరిగిన పిల్లలు పంతొమ్మిది మంది.

రెండేళ్ళలో పిల్లల దవడలు మారిపోవు. మారింది ఒక్కటే. రెండేళ్ళ క్రితం గాలి మరల్లో ఒకటి చెడిపోయింది. మిగిలిన ఒక్క మరే రెండు పేటల గాలినీ వంతులవారీగా శుభ్రం చేస్తోంది. వంతు మారేముందు బూర మోగుతుంది. మోగిన ఏడు నిమిషాలకు, రెండు పేటలను కలిపే నడిమి సందుకు రెండు చివరలా ఉన్న తలుపులు పడిపోతాయి. ఆరు గంటల దాకా లేవవు. బూర ఏ వేళ మోగుతుందో ఎవరికీ తెలియదు. గాలి ఎప్పుడు చెడితే అప్పుడు. ఒకరోజు పదింటికి, ఒకరోజు పన్నెండుకు.

బూర మోగేసరికి దిగువపేట పిల్లలు బడిలో ఉంటారు. ఎగువపేటలో ఆగిపోవడానికి వీల్లేదు. అక్కడి గాలి అక్కడి తలలకే సరిపోతుంది. బడి నుంచి దిగువ తలుపు కిలోమీటరు పైనే. పెద్దవాళ్ళు నడిస్తే పదమూడు నిమిషాలు పడుతుంది.

పంతొమ్మిది మందిలో పదిహేడు మంది దిగువపేట పిల్లలు. వాళ్ళకు దెబ్బ తగిలిన చోటు ముప్పై ఎనిమిదిసార్లు ఒక్కటే: నడిమి సందు, రెండో గడప. అంటే దిగువ తలుపు కింద ఉన్న జానెడు ఎత్తు ఇనుప గడప. అన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి.

నా పట్టికలో పంటికి గడి ఉంది, పెదవికి గడి ఉంది, దుడుకుతనానికి గడి ఉంది. తలుపుకు గడి లేదు. నేను ఎగువపేటలో ఉంటాను. నా గది కిటికీలోంచి భూమి కనిపిస్తుంది. బూర మోగితే నేను చేసే పనల్లా టీ పెట్టుకోవడం.

రోజు 5314

బడి దగ్గర మేదిని పక్కన నిలబడ్డాను. పదకొండుంపావుకు బూర మోగింది.

పిల్లలు పంతులమ్మ వైపు కూడా చూడలేదు. బల్లల మీద నుంచే గెంతారు. చంద్రుడి మీద మన బరువు ఆరో వంతే. అందుకని ఇక్కడ పడితే దెబ్బ తగలదని భూమి నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు అనుకుంటారు. పడటం మెల్లగానే ఉంటుంది. పరుగు మాత్రం మెల్లగా ఉండదు. ఆ వేగంతో వెళ్ళి ఇనుముకు మొహం తగిలితే, తగిలే దెబ్బ ఆరో వంతు కాదు. అడ్డం పెట్టుకుందామంటే రెండు చేతులూ గాలి సీసాను పట్టుకుని ఉంటాయి.

గాల్లోకి లేవకుండా నా జోళ్ళకు సీసం అట్టలు. నేను వెనకబడ్డాను. మేదిని ముందుకు దూసుకుపోయి, తిరిగి చూసి, ఆగింది.

"రండి డాట్రమ్మా! పడిపోద్ది! పడిపోద్ది!"

"నువ్వు వెళ్ళు!"

వెళ్ళలేదు. వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగింది. రెండో గడపకు పాతిక అడుగుల దూరంలో ఉండగా ముందు తలుపు పడింది. అదే క్షణంలో వెనక తలుపు కూడా. చెవులు మూసుకుపోయాయి. దీపాలు ఆరిపోయి, నేల దగ్గర ఒక్క ఎర్ర దీపం మిగిలింది.

సందులో విడి గాలి ఉంది, ఇరవై ఐదు మందికి ఆరు గంటలకు సరిపడా. ప్రాణభయం లేదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా తలుపు మీద అరచెయ్యి ఆన్చి నిలబడిపోయాను. ఇనుము చల్లగా ఉంది. అటువైపు నుంచి ఏ శబ్దమూ లేదు. ఆరు గంటలు ఇక్కడే అనుకోగానే ఊపిరి అందనట్టయింది. నాకు యాభై మూడేళ్ళు.

"కూకోండి," అంది మేదిని. "నిలబడితే ఎక్కువ సలేస్తాది."

కూర్చున్నాం. పిల్లను నా కోటులోకి లాక్కున్నాను.

"నువ్వు ఇదివరకు ఇక్కడ చిక్కుకున్నావా?"

మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుంది. తర్వాత చెప్పింది. ఆరేళ్ళప్పుడు ఒకసారి, ఒక్కతే. కాలి జోడు ఊడిపోతే తీసుకుందామని వంగింది. లేచేసరికి తలుపు పడింది. అరిచింది. ఎవరికీ వినపడలేదు. పాస్ ఆగక ఇక్కడే పోసుకుంది. తలుపు లేచాక మిగతా పిల్లలు ఆ తడి చూసి నవ్వారు.

"మరి మీ అమ్మ?"

"అమ్మ అవతల కూకుందట. తలుపు కొట్టిందట. ఈ తలుపు దళసరి కదా, నాకినపడనేదు." నా కోటు గుండీ తిప్పుతూ అంది, "అప్పట్నుంచి నేనే అందరికన్నా జోరుగా పరిగెడతాను. పళ్ళిరిగితే మీరు అతికిస్తారు. ఇక్కడ ఉండిపోతే ఎవులేటి సేస్తారు?"

దుడుకు పిల్ల అని రాసింది నేను.

రోజు 5316

సభ జరిగింది. సభకు పెద్ద పానకాలరావు గారు. గాలి వ్యవహారం కూడా ఆయనే చూస్తారు. చెడ్డమనిషి కాదు. మర చెడినప్పుడు మూడు రోజులు నిద్ర లేకుండా రెండు పేటలనూ నిలబెట్టింది ఆయనే.

నా పుస్తకాలు ఆయన ముందు పెట్టాను. శ్రద్ధగా చదివారు.

"అర్థమైంది డాక్టరు గారూ. అయితే నన్నేం చేయమంటారు? తలుపు ఇంకో ఆరు నిమిషాలు ఆపితే ఎగువపేట చెడుగాలి దిగువకు వెళ్ళిపోద్ది. ఆపలేను."

"గడప మీద మెత్త వేయించండి."

"ఆ గడప అంచు మీదే తలుపు కూర్చోవాలి. వెంట్రుకంత సందున్నా గాలి పోద్ది."

"దిగువపేట పిల్లల్ని రోజూ తొమ్మిదిన్నరకే వదిలేస్తే?" అని ఒక సభ్యుడు అడిగాడు.

వెనక నుంచి సుభాషిణి లేచింది. "వదిలేయండి. లెక్కలు, సైన్సు ఆ తర్వాతే కదా సెప్తారు? మా పిల్లలకి అవెందుకు, పాచి ఎత్తుకోడానికి! కాళ్ళకి భయపడి బుర్రలు కోసేస్తారా?"



అప్పుడు నేను అడిగాను. "తలుపు ఆగదు. పిల్లలు ఎగువపేటలో ఆగకూడదు. సరే. సందులో ఆగొచ్చు కదా? అక్కడ గాలి ఉంది. దీపాలు పెట్టండి, వెచ్చదనం పెట్టండి, ఒక మరుగుదొడ్డి పెట్టండి. సీసాలు తగిలించుకోవడానికి కొక్కేలు పెట్టండి. చిక్కుకుపోతామన్న భయం లేకపోతే వాళ్ళు పరిగెత్తరు."

"పిల్లల్ని పెద్ద దిక్కు లేకుండా ఆరు గంటలా? బూర ఎప్పుడు మోగుద్దో తెలీదు. పొద్దున్నుంచి అక్కడే కనిపెట్టుకుని ఉండాలి. ఎవరుంటారు?"

"నా పళ్ళ కుర్చీ అక్కడికి మార్చండి. నేనుంటాను."

పానకాలరావు గారు కళ్ళజోడు తీశారు. "ఎగువపేట గాలి లెక్కలోంచి మీ పేరు కొట్టేయాల్సి వస్తది. మీ గది ఇంకొకరికి పోద్ది. సందులోనే పడక. తెలుసా?"

తెలుసన్నాను. నిజానికి ఆ క్షణందాకా తెలియదు.

సభ ఒప్పుకుంది, ఒక షరతు మీద. అరవై రోజులు. సందులో ఒక్క పన్ను కూడా విరగకపోతే మెత్తగది తెరుస్తారు. ఒక్కటి విరిగినా మేదిని ఆ గదికి వెళ్తుంది, నా కుర్చీ వెనక్కి వస్తుంది. అప్పటిదాకా మేదిని బడికి వెళ్ళొచ్చు.

రోజు 5321

సందులో మొదటి రోజు. కుర్చీ, దీపాలు, దుప్పట్లు, కొక్కేలు. పిల్లలకు బడిలోనే అంతా వివరించాను. తలలూపారు.

బూర మోగింది. పదకొండు మందీ సీసాలు హత్తుకుని నా ముందు నుంచే దూసుకుపోయారు. "ఆగండి! నడవండి!" అని అరిచాను. ఒక్కరూ ఆగలేదు. మేదిని కూడా. గడప దాటుతూ ఒక్కసారి నావైపు చూసింది, తప్పు చేసినదానిలా.

తలుపులు పడ్డాయి. లోపల నేనొక్కదాన్నే.

రోజు 5325

రోజూ అంతే. రోజూ తలుపు పడేదాకా పళ్ళు బిగపట్టుకుని నిలబడతాను, తర్వాత ఆరు గంటలు ఒంటరిగా కూర్చుంటాను. నిద్రలో కూడా తలుపు పడిన చప్పుడు వినిపిస్తోంది. వెనక్కి పోదామన్నా ఇప్పుడు నాకు ఎగువపేటలో గది లేదు.

ఈ రోజు ఒక పిల్ల గడప మీద పడింది. పెదవి చిట్లింది. పళ్ళన్నీ ఒక్కొక్కటే కదిపి చూశాను. అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు రాసి సభకు పంపాను. పానకాలరావు గారు స్వయంగా వచ్చి ఆ పిల్ల నోరు చూసి వెళ్ళారు. వెళ్తూ, "చెబితే పోయే భయం కాదండీ ఇది," అన్నారు.

రోజు 5328

పొద్దున్నే సుభాషిణి వచ్చింది, సంకలో పెద్ద మూటతో.

"పాచి వడగట్టే గుడ్డలు కుట్టాల. తొట్లకాడ కుట్టినా ఒకటే, ఈడ కుట్టినా ఒకటే. మా మేస్త్రీతో సెప్పినాను." మూట విప్పి గోడవార చతికిలబడింది. "ఆరేళ్ళప్పుడు దానికి తలుపు అవతల ఉన్నాను. ఈపాలి ఇవతలుంటాను."

"ఆరు గంటలు బయటికి పోలేవు సుభాషిణీ."

"మీరు పోగలరేటి?"

పది నలభైకి బూర మోగింది. పిల్లల అడుగుల చప్పుడు దూరం నుంచి దగ్గరికి వచ్చింది. అందరికన్నా ముందు మేదిని. ఎగువ గడప దాటగానే, గోడవార కూర్చుని దారం కొరుకుతున్న తల్లిని చూసింది. రెండు గెంతుల్లో వేగం తగ్గింది. మూడో గెంతు వేయలేదు. నడిచింది.

వెనక వస్తున్న పిల్లలు దాదాపు ఆమెను గుద్దుకున్నారు. "ఏయ్, పడిపోద్ది!" అని ఎవరో అరిచారు.

"పడనీ," అంది మేదిని. "మా అమ్మ ఈడుంది."

నలుగురు గడప వైపు పరిగెత్తి దాటారు. ఏడుగురు ఆగారు. తలుపు వాళ్ళ కళ్ళముందే కిందికి దిగింది. మేదిని తల్లి కొంగు పిడికిట బిగించింది. తలుపు పడ్డాక కూడా చాలాసేపు వదల్లేదు. ఒక పిల్ల ఏడ్చింది. సుభాషిణి ఆ పిల్లను ఒళ్ళోకి లాక్కుని చేతికి సూది ఇచ్చింది.

"ఏడుద్దువుగాని, ముందు ఈ దారం ఎక్కించు. నా కళ్ళకానడం నేదు."

ఆ ఆరు గంటల్లో ఎక్కాలు చెప్పుకున్నారు, రొట్టెలు తిన్నారు, పోట్లాడుకున్నారు, కొందరు నిద్రపోయారు.

రోజు 5340

సందులోకి అడుగుపెట్టగానే పదకొండు మందీ నడుస్తున్నారు. బూర ఆలస్యంగా మోగి, బడి ముందే అయిపోయిన రోజుల్లో ఇళ్ళకు పోతారు. లేకపోతే సందులో ఉంటారు. ఇంకో ఇద్దరు తల్లులు వంతులు వేసుకుని వస్తున్నారు. పంతులమ్మ లెక్కల పుస్తకాలు పంపింది.

పట్టిక వెనక్కి తీసుకుంటున్నానని సభకు రాశాను. కొత్తది పంపాను. దాంట్లో మొదటి ప్రశ్న: ఈ పిల్ల దేనికి భయపడి పరిగెడుతోంది?

రోజు 5381

అరవై రోజులు గడిచాయి. ఒక్క పన్నూ విరగలేదు. పానకాలరావు గారు మాట మీద నిలబడ్డారు. పొద్దున ఏడింటికి మెత్తగది తలుపు తీశారు.

ఆయనే ఇంకో మాట కూడా చెప్పారు. గాలి మర విడిభాగాలు తేవాల్సిన ఓడ ఇంకో మూడేళ్ళు రాదట. అంటే మూడేళ్ళు నేను ఈ సందులోనే. విన్నాక కాసేపు తలుపు చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు అది తెరిచే ఉంది. అయినా అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తప్ప వెళ్ళడానికి నాకు చోటు లేదు.

అప్పుడు ఆరుగురు పిల్లలనూ వాళ్ళ తల్లులు బడికి తీసుకెళ్తూ సందులోకి వచ్చారు. గోడ పట్టుకుని నడుస్తున్నారు. ఒక్క గదిలో నెలల తరబడి ఉన్న కాళ్ళకు ఇంత దూరం కొత్త. గడప దగ్గర ఒక్కొక్కరే ఆగి, కాలు జాగ్రత్తగా ఎత్తి దాటారు.

కుందన ఆఖరున వచ్చింది. గడప దాటి, నాలుగు వందల అడుగుల ఖాళీ సందును అటు చివరిదాకా చూసింది. సీసాను కొక్కేనికి తగిలించింది. తల్లి చెయ్యి వదిలించుకుని పరుగు తీసింది.

బూర మోగలేదు. ఎవరూ తరమడం లేదు. తల్లి "ఒసే, ఒసే!" అంటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను లేచి నిలబడ్డాను. అరవడానికి నోరు తెరిచాను. పన్నెండేళ్ళలోపు, ఎత్తుపళ్ళు, ఇప్పటికే మూడు దెబ్బలు, అతికించిన పన్ను, మిగిలింది ఇరవై తొమ్మిది గొట్టాలు.

అరవలేదు.

కుందన ఎగువ గడప దాకా వెళ్ళి, తిరిగి, ఇంకా పెద్ద గెంతులతో వెనక్కి వచ్చింది. సగం దారిలో కాలు మడతపడి ముందుకు తూలింది. రెండు చేతులూ చాచి నేలను పట్టుకుంది. చెయ్యి గీరుకుంది. దాన్ని నాకి, లేచి, మళ్ళీ పరిగెత్తింది.